నాసిర్ అహ్మద్ లెక్క, సబీల్ నీళ్లు: వీడియో కోడెక్‌ల తారీఖ్

మొన్న ఆదివారం దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నాం. దాల్చా గిన్నె ఇంకా చేతులు మారుతూనే ఉంది. ఇంజనీరింగ్ చదివిన మా ఆపా కొడుకు ఉన్నట్టుండి అడిగాడు: "మామూ, మీరు జర్నలిస్టు కదా. హెచ్.264 వాడమంటారా, ఏవీ1 వాడమంటారా?"

కొత్త బస్సు నంబర్లు చెప్తున్నాడేమో అనుకున్నాను. విషయం వేరే. వాడూ, వాడి దోస్తులు ఇద్దరూ కలిసి ఒక యాప్ తయారు చేస్తున్నారు. మన ఇళ్లల్లో నానీలు, దాదీలు చెప్పే దక్కనీ కహానీలు, పహేలీలు, పెళ్లిళ్లలో పాడే ఢోలక్ పాటలు వీడియో తీసి, అందరూ చూసుకునేలా అందులో పెట్టాలని. మొహల్లాలో ముసలమ్మల చుట్టూ తిరిగి చాలా రికార్డు చేశారు. ఇప్పుడు ఆ వీడియోలను ఏ పద్ధతిలో దాచాలన్నదే మసలా. ఒక దోస్తేమో "ఆ పద్ధతికి పేటెంట్ ఉంది, రాయల్టీ కట్టాలి, రేపు నోటీసు వస్తుంది" అంటాడు. ఇంకొకడు "అరె, దునియా అంతా వాడుతోంది, ఎవడు అడుగుతాడు" అంటాడు.

నాకు వెంటనే జవాబ్ తెలియలేదు. నేను ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు సాహిత్యం తీసుకున్న మనిషిని. కానీ సవాల్ వదల్లేదు. రెండు వారాలు కూర్చుని చదివితే అర్థమైంది, ఇది కంప్యూటర్ మసలా కన్నా ఎక్కువగా తారీఖ్ మసలా అని. ఒక లెక్క ఎవరి సొత్తు? ఇల్మ్‌కి కిరాయా ఉంటుందా? ఉంటే ఎవరు ఎవరికి కట్టాలి? యాభై ఏళ్లుగా నడుస్తున్న ఈ ఝగడాను మీతో పంచుకోవాలని రాస్తున్నాను.

కోడెక్ అంటే

ముందు హిసాబ్ చూద్దాం. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. ఒక్కో చుక్క రంగు రాయడానికి 3 బైట్లు. సెకనుకు 30 బొమ్మలు. ఏమీ కుదించకుండా ఉన్నదున్నట్టు రాస్తే సెకనుకు సుమారు 186 ఎంబీ అవుతుంది. నిమిషానికి 11 జీబీ పైచిలుకు. మనకు తెలిసిన మామూలు డీవీడీ మీద 4.7 జీబీ పడుతుంది కాబట్టి, ఆ లెక్కన ఒక డీవీడీలో 25 సెకన్ల వీడియోనే పడుతుంది. నికాహ్‌లో ఖాజీ సాబ్ ఖుత్బా మొదలుపెట్టే లోపే డిస్కు నిండిపోతుంది.

అందుకే కుదించాలి. కుదించే పనికీ, మళ్లీ విప్పే పనికీ కలిపి పెట్టిన పేరే కోడెక్. మా పేషాలో పాతవాళ్లకు షార్ట్‌హ్యాండ్ తెలుసు. లీడర్ గంట మాట్లాడితే నాలుగు పేజీల గీతల్లో దించేసేవారు. ఆ గీతలు ఆఫీసులో ఇంకొకరు చదవాలంటే ఇద్దరికీ ఒకే ఖాయిదా తెలిసుండాలి. కోడెక్ కూడా అంతే. వీడియో తీసిన ఫోనుకీ, చూసే ఫోనుకీ ఒకే ఖాయిదా తెలియాలి. అందుకే దునియా అంతా ఒక పద్ధతి మీద రాజీ పడాల్సి వస్తుంది. రాజీ కుదిరిన పద్ధతిలో ఎవరిదో పేటెంట్ ఉంటే, రాసేవాడూ చదివేవాడూ ఇద్దరూ వాళ్ల ఇజాజత్ తీసుకోవాలి. ఝగడా అంతా అక్కడే ఉంది.

బెంగళూరు నుంచి వెళ్లిన ఒక ఉస్తాద్

ఈ కహానీలో మొదటి మనిషి పేరు నాసిర్ అహ్మద్. 1940లో పుట్టారు. బెంగళూరులో ఇంజనీరింగ్ చదివి, 1960లలో అమెరికా వెళ్లి న్యూ మెక్సికో యూనివర్సిటీలో డాక్టరేట్ చేశారు. తర్వాత కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 1972లో ఆయనకు ఒక ఖయాల్ వచ్చింది. బొమ్మలోని పక్కపక్క చుక్కలు చాలావరకు ఒకేలా ఉంటాయి. నీలం గోడ ఫొటో తీస్తే వేల చుక్కలు నీలంగానే ఉంటాయి. ప్రతి చుక్కనూ విడిగా రాయడమెందుకు? ఒక గుంపు చుక్కలను తీసుకుని, వాటిలో మెల్లగా మారే భాగమెంత, గబగబా మారే భాగమెంత అని కొసైన్ అలల్లోకి విడగొడితే, కంటికి తెలియని సన్న భాగాన్ని వదిలేయవచ్చు. మిగిలింది చాలా తక్కువ జాగాలో పడుతుంది.

దీని మీద పని చేయడానికి డబ్బు ఇవ్వమని అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు దరఖాస్తు పెట్టారు. వాళ్లు ఇవ్వలేదు. ఆ ఖయాల్ మరీ సాదాగా ఉందని పరిశీలించినవారిలో ఒకరు అన్నారట. ఈ మాట నాసిర్ అహ్మద్ తర్వాత తానే రాసుకున్నారు. మరీ సాదాగా ఉందని కాదన్న లెక్క లేకుండా ఈరోజు ఒక్క ఫొటో కూడా వాట్సాప్‌లో పోదు. అది వేరే మాట.

ఆయన వదల్లేదు. తన షాగిర్ద్ టి. నటరాజన్‌తోనూ, టెక్సస్‌లో పనిచేస్తున్న కె.ఆర్. రావుతోనూ కలిసి లెక్క పూర్తి చేశారు. రావు సాబ్ పూర్తి పేరు కామిశెట్టి రామమోహన రావు. ఇంటిపేరు వింటేనే మన తెలుగు నేల గుర్తొస్తుంది. 1974 జనవరిలో ముగ్గురి పేర్లతో ఒక పరిశోధనా పత్రికలో నాలుగు పేజీల వ్యాసం వచ్చింది. పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్, పొట్టిగా డీసీటీ. 1992 నాటి జేపెగ్ ఫొటో, వీసీడీ, డీవీడీ, టీవీ ప్రసారాలు అన్నీ ఆ నాలుగు పేజీల మీద నిలబడ్డాయి. తర్వాత వచ్చిన కోడెక్‌లు కూడా దాన్ని కొద్దికొద్దిగా మార్చి వాడుకుంటూనే ఉన్నాయి.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ లెక్కను వాళ్లు పత్రికలో అచ్చు వేయించారు. చదివిన ప్రతివాడూ వాడుకున్నాడు. అందరూ దాహం తీర్చుకున్న సబీల్ అది. మరి అలాంటి పునాది మీద కట్టిన ఇంటికి కిరాయా ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక దర్వాజా, ఒక కిరాయా

డీసీటీ ఒక్కటే కోడెక్ కాదు. వీడియోలో ఇంకో కిటుకు ఉంది. ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ తేడా చాలా తక్కువ. దుల్హన్ తల తిప్పింది, వెనక పరదా అలాగే ఉంది. అలాంటప్పుడు పరదాను మళ్లీ రాయకుండా "తల ఇంత పక్కకు జరిగింది" అని రాస్తే చాలు. ఆ జరగడాన్ని ఎలా వెతకాలి, ఎలా రాయాలి, తప్పు వస్తే ఎలా సరిదిద్దాలి అన్నదాని మీద కంపెనీలూ యూనివర్సిటీలూ వందల కొద్దీ పేటెంట్లు తీసుకున్నాయి. ఈ పనికి నిజంగా మెహనత్ అయింది, డబ్బూ అయింది. ఆ మాట కాదనడం ఇన్సాఫ్ కాదు.

1988లో ఎంపెగ్ అనే అంతర్జాతీయ బృందం మొదలైంది. ఇటలీకి చెందిన లియొనార్డో కియారిలియోనే దాని పెద్ద. 1990ల మొదట్లో ఎంపెగ్-1 వచ్చింది. అదే మన వీసీడీ. 'ది అంగ్రేజ్' లాంటి హైదరాబాదీ సినిమాలను గల్లీ గల్లీలో రెండు డిస్కుల సెట్‌గా చూసిన జమానా గుర్తుందా? అదంతా ఎంపెగ్-1 పుణ్యమే. తర్వాత ఎంపెగ్-2 వచ్చింది. అది డీవీడీకి, డిజిటల్ టీవీకి.

ఎంపెగ్-2లో చాలామంది పేటెంట్లున్నాయి. డీవీడీ ప్లేయర్ తయారు చేసేవాడు ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి ఇజాజత్ అడగాలంటే ఉమర్ సరిపోదు. అందుకని పేటెంట్ ఉన్నవాళ్లంతా కలిసి ఒకే దర్వాజా పెట్టుకున్నారు. దాని పేరు ఎంపెగ్ ఎల్‌ఏ. పేరు చూసి ఎంపెగ్ బృందంవాళ్లే అనుకుంటారు, కాదు. అది లైసెన్సులు అమ్మిన వేరే కంపెనీ. 1997 నుంచి ఒకచోట కట్టు, అందరికీ కట్టినట్టే అన్న పద్ధతి నడిచింది. 2002 నుంచి ఒక్కో ప్లేయర్‌కు రెండున్నర డాలర్లు. మనం కొన్న డీవీడీ ప్లేయర్ ధరలో, రిమోట్ ధరలో కలిసిపోయినట్టు, ఈ కిరాయా కూడా కలిసిపోయింది. అడిగినవాడు లేడు.

మాలుమ్ అయ్యింది ముఫ్త్‌గా ఇచ్చేవాళ్లకే. రాస్ప్‌బెర్రీ పై అని అరచేతిలో పట్టే చవక కంప్యూటర్ ఒకటి 2012లో వచ్చింది. ఇంగ్లండ్‌లో పిల్లల చదువు కోసం తయారు చేశారు. అంత తక్కువ ధరలో ఎంపెగ్-2 కిరాయా కలపలేక, కావలసినవాళ్లు 2.40 పౌండ్లు విడిగా కట్టి తాళంచెవి కొనుక్కోమన్నారు. అదే ఏడాది వచ్చిన విండోస్ 8 మామూలు ఎడిషన్‌లో డీవీడీ ఆడే సదుపాయాన్నే మైక్రోసాఫ్ట్ తీసేసింది. ఈ కిరాయా ఖర్చే కారణమని చెప్పింది.

జిఫ్ నేర్పిన సబఖ్

ఈ మధ్యలోనే ఇంకో వాఖియా జరిగింది. ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో జిఫ్ బొమ్మలు అందరూ వాడేవారు. 1987లో కంప్యూసర్వ్ అనే కంపెనీ దాన్ని విడుదల చేసింది. అందులో ఎల్‌జెడ్‌డబ్ల్యూ అనే కుదింపు పద్ధతి ఉంది. దాని మీద యూనిసిస్ కంపెనీకి పేటెంట్ ఉందన్న సంగతి జనానికి పట్టలేదు. 1994 డిసెంబర్‌లో, జిఫ్ తయారు చేసే సాఫ్ట్‌వేర్లు లైసెన్స్ తీసుకోవాలని ప్రకటన వచ్చింది. ఏడేళ్లు ముఫ్త్ అనుకుని తాగిన నీళ్లకు బిల్లు వచ్చినట్టయింది.

కోపంతో కొందరు ప్రోగ్రామర్లు కలిసి ఏ పేటెంటూ తగలకుండా పీఎన్‌జీ అనే కొత్త పద్ధతి తయారు చేశారు. 1996కి అది సిద్ధమైంది. ఈరోజు మీ ఫోన్ స్క్రీన్‌షాట్లు చాలావరకు అవే. అమెరికాలో ఎల్‌జెడ్‌డబ్ల్యూ పేటెంట్ మీయాద్ 2003 జూన్‌లో తీరిపోయింది. అంటే ఝగడా పుట్టిన తొమ్మిదేళ్లకు జిఫ్ కూడా ఆజాద్ అయింది. ఈ రెండు సబఖ్‌లూ మనసులో పెట్టుకోండి. ఒకటి, ఈరోజు ఎవరూ అడగడం లేదంటే రేపు అడగరని కాదు. రెండు, పేటెంట్ హమేషా ఉండదు. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి ఇంచుమించు ఇరవై ఏళ్లు, అంతే.

బ్రౌజర్ల జంగ్

2003లో హెచ్.264 పూర్తయింది. కమాల్ పని అది. డీవీడీ కన్నా ఎంతో తక్కువ జాగాలో అంతే నాణ్యత. సెట్‌టాప్ బాక్స్, బ్లూరే, కెమెరా, ఫోన్, అన్నిట్లోకీ వెళ్లింది. షర్తులు కూడా చిన్నవాళ్లను తొక్కేలా లేవు. ఏడాదికి మొదటి లక్ష కాపీలకు రాయల్టీ లేదు. ఆ పైన ఒక్కోదానికి 20 సెంట్లు, 50 లక్షలు దాటాక 10 సెంట్లు. పెద్ద కంపెనీ ఎంత అమ్మినా ఏడాదికి ఇంతకు మించి కట్టక్కర్లేదని ఒక హద్దు. 2010లో ఆ హద్దు 50 లక్షల డాలర్లు.

ఇక్కడే తకరార్ వచ్చింది. వెబ్ పేజీలో వీడియో నేరుగా ఆడాలంటే బ్రౌజర్‌లన్నీ ఒక కోడెక్‌ను ఒప్పుకోవాలి. 2007 నాటి హెచ్‌టీఎంఎల్5 ముసాయిదాలో థియోరా అనే ముఫ్త్ కోడెక్ పేరు రాశారు. నోకియా, యాపిల్ వంటివి ఒప్పుకోలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో ఆ మాట కొట్టేశారు. 2009లో ఎవరి ఇష్టం వాళ్లదని చేతులెత్తేశారు.

ఫైర్‌ఫాక్స్ తయారు చేసే మొజిల్లా హెచ్.264 వద్దంది. డబ్బు ఒక్కటే కారణం కాదు. ఆజాద్ సాఫ్ట్‌వేర్ అంటే ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్లేది. మొజిల్లా కిరాయా కడితే మొజిల్లాకు ఇజాజత్ వస్తుంది. ఆ కోడ్ తీసుకుని తన ఊరి భాషలో బ్రౌజర్ చేసుకునే కుర్రాడికి రాదు. పెద్దన్న కట్టిన టికెట్ మీద తమ్ముడు బస్సెక్కలేడు కదా.

2010 ఫిబ్రవరిలో గూగుల్ సుమారు 12 కోట్ల డాలర్లతో ఆన్2 అనే కంపెనీని కొనేసింది. థియోరాకు మూలమైన వీపీ3 తయారు చేసింది వీళ్లే. మేలో వాళ్ల వీపీ8 కోడెక్‌ను అందరికీ ముఫ్త్‌గా ఇచ్చేసింది. అదే ఆగస్టులో ఎంపెగ్ ఎల్‌ఏ ఒక మెట్టు దిగింది. ఇంటర్నెట్‌లో జనం ముఫ్త్‌గా చూసే హెచ్.264 వీడియోలకు ఎప్పటికీ రాయల్టీ అడగమని ప్రకటించింది. ఒకరు సబీల్ పెట్టాక ఎదురు దుకాణంవాడు గ్లాసు ధర తగ్గించినట్టు. పోటీ ఉంటే ఫాయిదా ఇది. ముఫ్త్ కోడెక్ వాడని వాళ్లకు కూడా అది మేలు చేసింది.

కానీ ముఫ్త్ అని రాసినంత మాత్రాన మసలా తీరదు. 2011లో ఎంపెగ్ ఎల్‌ఏ "వీపీ8 మీద ఎవరికైనా పేటెంట్లుంటే రండి" అని పిలిచింది. 2013 మార్చిలో గూగుల్ పదకొండు మంది పేటెంట్‌దారులతో సుల్హ్ చేసుకుంది. నోకియా ఒప్పుకోకుండా వీపీ8 పేరు మీద జర్మనీ అదాలత్‌లో హెచ్‌టీసీ ఫోన్లపై కేసు నడిపింది. అదే ఆగస్టులో ఓడింది. ముఫ్త్ కోడెక్ ఇచ్చేవాడికి వకీళ్ల ఖర్చు మాత్రం ముఫ్త్ కాదని దీనితో అందరికీ తెలిసింది.

మొజిల్లా జిద్ద్ కూడా 2012లో సడలింది. ఫోన్లలో హెచ్.264 విప్పే చిప్ ఎలాగూ ఉంది, దాని కిరాయా ఫోన్ కంపెనీ కట్టేసింది. బ్రౌజర్ తన కోడెక్ తేకుండా ఆ ఫోన్‌నే అడిగితే చాలన్నారు. ఓడిపోయామని వాళ్లలో చాలామంది బాధపడ్డారు. 2013 అక్టోబర్‌లో సిస్కో కంపెనీ ఇంకో రాస్తా తీసింది. ఓపెన్‌హెచ్264 పేరుతో కోడ్ మొత్తం బయటపెట్టి, తాను తయారు చేసి ఇచ్చిన ఫైల్‌ను ఎవరు దించుకున్నా కిరాయా తానే కడతానంది. షర్త్ ఒక్కటే. అదే కోడ్ నువ్వు సొంతంగా తయారు చేసుకుంటే కిరాయా నీదే. నీళ్లు అవే, కుండ అదే, కానీ సిస్కో చేత్తో పోస్తేనే ముఫ్త్. అజీబ్‌గా ఉన్నా ఇది నిజం.

మూడు దర్వాజాలు, ఒక సబీల్

2013లో హెచ్.265 వచ్చింది. హెచ్‌ఈవీసీ అని కూడా అంటారు. హెచ్.264 కన్నా ఇంచుమించు సగం జాగా చాలన్నారు. ఇల్మ్ పెరిగింది, కానీ లాలచ్ కూడా పెరిగింది. ఒకే దర్వాజా ఉండాల్సిన చోట మూడు వచ్చాయి. ఎంపెగ్ ఎల్‌ఏ ఒకటి, 2015లో హెచ్‌ఈవీసీ అడ్వాన్స్, 2017లో వెలోస్ మీడియా. ఏ గుంపులోనూ లేని పేటెంట్‌దారులు ఇంకొందరు. హెచ్‌ఈవీసీ అడ్వాన్స్ మొదట వీడియోల మీద వచ్చే ఆమ్దనీలో కూడా అర శాతం అడిగింది. ఆ ఏడాది డిసెంబర్‌కి గొడవ పెరిగి షర్తులు మార్చుకుంది. కానీ భరోసా పోయింది. మొత్తం ఎంత కట్టాలో ఎవరూ చెప్పలేని సరుకు ఎవరు కొంటారు? కిరాయా ఎక్కువైనా తాజిర్ భరిస్తాడు. హిసాబ్ తేలకపోతే భరించలేడు.

2015 సెప్టెంబర్ 1న అమెజాన్, సిస్కో, గూగుల్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా, నెట్‌ఫ్లిక్స్ కలిసి అలయన్స్ ఫర్ ఓపెన్ మీడియా పెట్టాయి. గూగుల్ తన వీపీ10 పని, మొజిల్లా తన డాలా, సిస్కో తన థోర్ తెచ్చి ఒక దేగ్‌లో వేశాయి. 2018 మార్చి 28న ఏవీ1 వచ్చింది. మొదట్లో దూరంగా ఉన్న యాపిల్ కూడా ఆ ఏడాదే చేరింది. లైసెన్స్ షర్త్ నాకు నచ్చింది. ఎవరైనా ముఫ్త్‌గా వాడుకోవచ్చు. కానీ ఏవీ1 మీద నువ్వు పేటెంట్ దావా వేస్తే నీకిచ్చిన ఇజాజత్ రద్దు. సబీల్ నీళ్లు తాగి కుండ పగలగొట్టేవాడికి రెండో గ్లాసు లేదు.

ఎంపెగ్ పెద్ద కియారిలియోనే కూడా 2018 జనవరిలో, తాము ముప్పై ఏళ్లు నడిపిన పద్ధతి సంక్షోభంలో పడిందని బహిరంగంగా రాశారు. ఇంటి పెద్దే దీవార్ పగిలిందని చెప్పడం చిన్న విషయం కాదు.

అయితే సబీల్ పెట్టింది ఎవరో కూడా చూడాలి కదా. గూగుల్, అమెజాన్, నెట్‌ఫ్లిక్స్ ఫకీర్లు కాదు. వీడియో జాగా తగ్గితే వాళ్ల ఖర్చు తగ్గుతుంది, రాయల్టీ మిగులుతుంది. కోడెక్ అమ్మి బతికే చిన్న పరిశోధనా సంస్థకు ఆ దారి మూసుకుపోతుంది. ఈ పెద్దలు చిన్నవాళ్ల హఖ్ నొక్కుతున్నారా అని యూరోపియన్ కమిషన్ 2022లో విచారణ మొదలుపెట్టింది. 2023లో మూసేసింది. అలాగని తప్పు లేదని సర్టిఫికెట్ కూడా ఇవ్వలేదు. మరోవైపు సిస్వెల్ అనే కంపెనీ, ఏవీ1లో తమ సభ్యుల పేటెంట్లున్నాయని 2019లో దావా చేసి, తెర ఉన్న ఒక్కో పరికరానికి 32 యూరో సెంట్లని రేటు కూడా చెప్పింది. అలయన్స్ ఒప్పుకోలేదు. కాబట్టి ముఫ్త్ అంటే "ఇచ్చినవాడు అడగడు" అని మాత్రమే అర్థం. "ఇంకెవరూ అడగరు" అని కాదు.

మన ముల్క్‌లో

మన పేటెంట్ చట్టంలో సెక్షన్ 3(కె) ఉంది. లెక్కల పద్ధతి, అల్గారిదమ్, కంప్యూటర్ ప్రోగ్రామ్ దానంతట అదిగా పేటెంట్‌కు పనికిరావని అంటుంది. ఇది విని మా భాంజా ఎగిరి గంతేశాడు. "ఠహరో" అన్నాను. పరికరంతో ముడిపడిన పద్ధతులకు ఇక్కడ కూడా పేటెంట్లు వచ్చాయి. డీవీడీ ప్లేయర్లు జోడించి అమ్మిన వ్యాపారుల మీద ఫిలిప్స్ వేసిన కేసులో, ఢిల్లీ హైకోర్టు 2018 జులైలో రాయల్టీ కట్టాల్సిందేనని చెప్పింది. అది వీడియో కుదింపు పేటెంట్ కాదు, డిస్కు మీది డేటాను చదివి విప్పే పద్ధతిది. తీర్పు వచ్చేసరికి ఆ పేటెంట్ మీయాద్ తీరి మూడేళ్లయింది కూడా. అయినా పాత బాకీ వదల్లేదు. పైగా యాప్ అన్నాక దుబాయ్‌లో, చికాగోలో మనవాళ్లు దించుకుంటారు. అక్కడి ఖానూన్ వేరు.

మా ఇంట్లో రెండు డిస్కులు

ఇప్పుడు నా సొంత మాట ఒకటి. మా ఛోటీ ఖాలా నికాహ్ 2001లో అయింది. వీసీడీ చేయించారు. మొన్న పాత పెట్టెలో దొరికితే కంప్యూటర్‌లో పెట్టి వీఎల్‌సీతో తెరిచాను. ఫ్రాన్స్‌లో కాలేజీ పిల్లలు మొదలుపెట్టిన ముఫ్త్ ప్లేయర్ అది. బొమ్మ మసకగా ఉంది కానీ మొత్తం ఆడింది. ఎంపెగ్-1 ఖాయిదా అంతా తెరిచి రాసి ఉంది కాబట్టి, ఎవరైనా దాన్ని విప్పే సాఫ్ట్‌వేర్ రాయగలరు.

2005లో మా తాయాజాద్ భాయ్ పెళ్లికి ఒక స్టూడియో అతను కొత్త పద్ధతి అంటూ సీడీ ఇచ్చాడు. దాంతో పాటు దాని సొంత ప్లేయర్. ఆ ప్లేయర్ ఇప్పటి కంప్యూటర్లలో నడవదు. ఆ ఫైల్ ఏ ఖాయిదాతో రాశారో ఎక్కడా లేదు. ఆ పెళ్లిలో మా అబ్బా మైకు పట్టుకుని సెహ్రా చదివారు. ఆయన కదిలే బొమ్మ, గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేవు. డిస్కు చెక్కుచెదరలేదు. ఫైల్ కాపీ కూడా అయింది. తెరుచుకోదు, అంతే.

దీనితో నాకు ఒక ఫరఖ్ అర్థమైంది. తెరిచి రాసి ఉండటం వేరు, ముఫ్త్‌గా వాడుకునే ఇజాజత్ వేరు. హెచ్.264కు పేటెంట్లున్నాయి, కానీ దాని ఖాయిదా అచ్చులో ఉంది, పేటెంట్లు ఒక్కొక్కటిగా ముసలివవుతున్నాయి. ఎంపీ3 లైసెన్సుల దుకాణం 2017 ఏప్రిల్‌లో మూతపడింది. అమెరికాలో ఎంపెగ్-2 చివరి పేటెంట్ 2018 ఫిబ్రవరిలో తీరింది. ఉమర్ తీరిన పేటెంట్ కింద ఇల్మ్ మళ్లీ సబీల్ అవుతుంది. ఖాయిదా దాచిపెట్టిన పద్ధతికి మాత్రం ఆ రోజు ఎప్పటికీ రాదు.

భాంజాకు చెప్పిన ఫైసలా

వాడికి నేను చెప్పింది ఇది. తప్పయితే తెలిసినవాళ్లు సరిదిద్దండి.

ఫోన్‌లో తీసిన అసలు ఫైళ్లు అలాగే రెండు మూడు చోట్ల దాచు. అవి అమానత్. వాటిని మళ్లీ కుదించి అసలువి పారేయకు. కుదించిన ప్రతిసారీ కొంత పోతుంది, తిరిగి రాదు.

యాప్‌లో సొంత కోడెక్ మూట కట్టకు. ఫోన్‌లో ఉన్న డీకోడర్‌నే పిలువు. హెచ్.264 విప్పే చిప్ ఇంచుమించు ప్రతి ఫోన్‌లో ఉంది, దాని హిసాబ్ ఫోన్ చేసినవాడు చూసుకుంటాడు. వీడియోలు ముఫ్త్‌గా చూపిస్తావు కాబట్టి 2010 వాదా నీకూ వర్తిస్తుంది. ఏవీ1 కాపీ కూడా పెట్టు, కానీ ఒక్కదాన్నే నమ్ముకోకు. ఏవీ1 విప్పే చిప్ ఐఫోన్‌లోకే 2023లో గానీ రాలేదు. మన దాదీల చేతుల్లో ఉన్నవి పాత చవక ఫోన్లు. వీఎల్‌సీవాళ్లు రాసిన డేవిడ్ అనే సాఫ్ట్‌వేర్ చిప్ లేకుండా ఏవీ1ను చురుగ్గానే విప్పుతుంది, కానీ బ్యాటరీ తాగుతుంది. కహానీకి ప్రాణం ఆవాజ్ కాబట్టి ఆవాజ్‌కు ఓపస్ వాడు. 2012 నుంచి ముఫ్త్‌గా ఉంది, నాణ్యతలో దేనికీ తీసిపోదు. హెచ్.265లో మాత్రం సొంతంగా ఏదీ తయారు చేయకు, ఆ దర్వాజాల చుట్టూ తిరగడం నీ వల్ల కాదు. రేపు యాప్ అమ్మి లక్షల్లోకి వెళ్తే, అప్పుడు వకీల్ సాబ్‌ను కలువు.

వాడు అన్నీ రాసుకున్నాడు. తర్వాత "మామూ, నానాజాన్ ఉన్న ఆ సీడీ నాకివ్వండి. మా దోస్తుకు ఇలాంటివి విప్పడం షౌఖ్" అన్నాడు. ఇచ్చాను. ఇంకా విప్పలేదు. రోజూ ఒక మెసేజ్ పెడుతున్నాడు, "కోషిష్ జారీ హై" అని.

మీ ఇళ్లల్లో కూడా పెట్టెల్లో వీసీడీలు, పాత సీడీలు పడి ఉంటాయి. ఈ వారం ఒకసారి తీసి చూడండి. ఆడినవాటిని ఆడుతుండగానే కాపీ చేసుకోండి.